బహిరంగ లేఖకు బలం ఎక్కడి నుంచి వస్తుంది?

1979 సెప్టెంబరు 16న ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగమ్‌వార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తిని ఉద్దేశించి ఒక బహిరంగ లేఖ రాశారు. అంతకు ఏడాది క్రితం, 1978 సెప్టెంబరు 15న, ‘తుకారాం వర్సెస్ మహారాష్ట్ర ప్రభుత్వం’ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తప్పని, ఆ కేసును మళ్లీ విచారించాలని అందులో కోరారు. దేశ అత్యున్నత న్యాయస్థానం చెప్పిన తుది మాటను జనం ముందు పెట్టి ఇలా ప్రశ్నించడం అప్పటికి అలవాటులో లేని పని. ఇప్పుడు పత్రికల్లోనూ ఫోన్లలోనూ రోజుకొకటి చొప్పున కనిపిస్తున్న బహిరంగ లేఖలు చదివినప్పుడల్లా నాకు ఆ లేఖే గుర్తుకొస్తుంది. దానికున్న పట్టు వీటిలో చాలావాటికి ఎందుకు లేదన్న ప్రశ్నే ఈ వ్యాసం రాయించింది.

ముందు ఆ కేసు సంగతి చెప్పాలి. 1972 మార్చి 26 రాత్రి, మహారాష్ట్రలోని దేశాయ్‌గంజ్ పోలీసు స్టేషన్. కూలి పని చేసుకుని బతికే ఒక ఆదివాసీ బాలికను, ఆమె అన్న ఇచ్చిన ఫిర్యాదు మీద, మరికొందరితో పాటు అక్కడికి పిలిపించారు. వాంగ్మూలాలు తీసుకున్నాక మిగతావాళ్లను వెళ్లమని, ఆమెను మాత్రం లోపలే ఉంచారు. తనవాళ్లు బయట ఎదురుచూస్తుండగా లోపల ఒక కానిస్టేబుల్ ఆమెపై అత్యాచారం చేశాడని, ఒక హెడ్ కానిస్టేబుల్ లైంగిక దాడికి పాల్పడ్డాడని అభియోగం. 1974లో సెషన్స్ కోర్టు ఇద్దరినీ వదిలేసింది. 1976లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం శిక్ష వేసింది. సుప్రీంకోర్టు మళ్లీ నిర్దోషులని తేల్చింది. ఒంటి మీద గాయాలు లేవు, ప్రతిఘటించినట్టు ఆనవాళ్లు లేవు, కాబట్టి భయంతో లొంగిపోయిందన్న వాదన నిలవదన్నది ఆ తీర్పు సారాంశం. ఆ బాలిక పేరుతోనే కేసు దేశమంతటా తెలిసింది. ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు, కారణం తర్వాత చెబుతాను.

అధ్యాపకుల లేఖలో ఆవేదన ఉంది, కానీ అది వాదన వెనక నడిచింది. రాత్రిపూట, స్టేషన్‌లో, అధికారం చేతిలో ఉన్న మనిషి ముందు ఒక నిరుపేద బాలిక లొంగిపోవడాన్ని అంగీకారంగా ఎలా లెక్కిస్తారన్నది వాళ్ల మొదటి ప్రశ్న. అంగీకరించిన చోట లొంగుబాటు ఉండవచ్చు గానీ, లొంగిన ప్రతిచోటా అంగీకారం ఉన్నట్టు కాదని వాళ్లు విడమరిచి చెప్పారు. అంతకంటే పదునైన ప్రశ్న మరొకటి ఉంది. అప్పటి నేర విచారణ స్మృతి 160వ సెక్షన్ ప్రకారం మహిళలను వాళ్లు ఉంటున్న చోటే విచారించాలి, స్టేషన్‌కు రప్పించకూడదు. ఈ తీర్పుకు ఐదు నెలల ముందు, 1978 ఏప్రిల్‌లో, నందినీ సత్పతీ కేసులో ఇదే సుప్రీంకోర్టు ఆ నియమాన్ని గట్టిగా గుర్తుచేసింది. మరి ఈ బాలికను స్టేషన్‌లో నిలిపి ఉంచడం మీద తీర్పులో ఆ ఊసే ఎందుకు లేదని లేఖ అడిగింది. కోర్టును కోర్టు చెప్పిన మాటతోనే నిలదీసింది. అలాంటి ప్రశ్నను ఆవేశమని కొట్టిపారేయడం ఎవరికీ సాధ్యం కాదు.

తీర్పు మారలేదు. ఆ లెక్కన లేఖ ఓడిపోయినట్టే. అయితే అది మహిళా సంఘాల చేతికి అందింది. బొంబాయిలో అత్యాచారాలకు వ్యతిరేకంగా ఒక వేదిక పుట్టింది. 1980 మార్చి 8న పలు నగరాల్లో మహిళలు ఈ కేసును మళ్లీ తెరవాలంటూ వీధుల్లోకి వచ్చారు. అదే ఏడాది లా కమిషన్ తన 84వ నివేదికలో అత్యాచార చట్టాలను సమీక్షించింది, 1983లో పార్లమెంటు వాటిని సవరించింది. పోలీసు కస్టడీలో జరిగే అత్యాచారాన్ని విడిగా గుర్తించి మరింత కఠినమైన శిక్ష పెట్టారు. అప్పటి సాక్ష్య చట్టంలో 114-ఏ సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం కస్టడీలో లైంగిక చర్య జరిగినట్టు రుజువై, తాను అంగీకరించలేదని బాధితురాలు కోర్టులో చెబితే, అంగీకారం లేదనే న్యాయస్థానం భావించాలి. కాదని రుజువు చేసుకోవలసింది నిందితుడే. అధ్యాపకులు పట్టుబట్టిన తేడా అలా చట్టంలోకి ఎక్కింది. అదే సవరణతో అప్పటి భారత శిక్షాస్మృతిలోకి వచ్చిన 228-ఏ సెక్షన్ బాధితురాలి పేరు బయటపెట్టడాన్ని నేరంగా ప్రకటించింది. నేను ఆ పేరు రాయకపోవడానికి కారణం అది.

ఈ చరిత్రలో తెలుగు నేలకూ భాగముంది. 1978లోనే హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఒక మహిళపై జరిగిన అత్యాచారం, పోలీసుల దెబ్బలకు ఆమె భర్త చనిపోవడం నగరాన్ని భగ్గుమనిపించాయి. జనం స్టేషన్‌ను చుట్టుముట్టారు, కర్ఫ్యూ పెట్టాల్సి వచ్చింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. అయినా కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయ్యాక నిందితులు విడుదలయ్యారు. అంటే కోపం వీధుల్లో అప్పటికే రగులుతోంది. చట్టంలో ఏ వాక్యం మారాలో, ఎక్కడ మారాలో చెప్పే కాగితం లేదు. ఆ కాగితాన్ని నలుగురు అధ్యాపకులు రాసిచ్చారు. వీధి లేకపోతే లేఖ ఒక న్యాయ పత్రికలో పడి ఉండేది. లేఖ లేకపోతే వీధిలోని కోపం మరో కమిషన్‌తో చల్లారేది.

చిన్న స్థాయిలో ఇదే విషయం నా కళ్ల ముందు జరిగింది. కొన్నేళ్ల కిందట మా కాలనీ పక్కనున్న చెరువు శిఖంలో రాత్రిళ్లు టిప్పర్లతో మట్టి పోస్తుంటే, స్థానిక అధికారులకు బహిరంగ లేఖ రాయాలని కొందరం నిర్ణయించుకున్నాం. మొదటి ప్రతి నేను రాశాను. ‘తీవ్ర ఆందోళన’, ‘తక్షణ చర్యలు’, ‘నిమ్మకు నీరెత్తినట్టు’ వంటి మాటలతో రెండు పేజీలు నిండాయి. మా వీధి చివర ఉండే విశ్రాంత సర్వేయర్‌కు చూపిస్తే ఆయన మొత్తం చదివి, ‘ఇందులో చెరువెక్కడుంది బాబూ?’ అని అడిగారు. ఎర్ర పెన్నుతో ఒకటిన్నర పేజీ కొట్టేసి, ఆ ఖాళీలో సర్వే నంబరు, పాత రికార్డుల్లో ఉన్న విస్తీర్ణం, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే మట్టం) హద్దురాయి ఇదివరకు ఏ వేపచెట్టు పక్కన ఉండేదో, అక్కడ ఇప్పుడేముందో రాశారు. చివర ఒకే ఒక్క కోరిక మిగిల్చారు: రెవెన్యూ, ఇరిగేషన్ శాఖలు కలిసి ఫలానా తేదీలోగా ఉమ్మడి సర్వే చేసి హద్దురాళ్లు పాతాలి. లేఖ ఒక పత్రిక జిల్లా పేజీలో వచ్చిన రెండు వారాలకు సర్వే బృందం చెరువు గట్టెక్కింది. పోసిన మట్టి అంతా తీయలేదు. రాళ్లు మాత్రం పడ్డాయి, ఇప్పటికీ ఉన్నాయి.

ప్రతి సోమవారం కలెక్టరేట్ల బయట చెట్ల కింద అర్జీలు రాసిపెట్టేవాళ్ల చుట్టూ జనం కూర్చుని ఉంటారు. తెలంగాణలో ప్రజావాణి అన్నా, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నా జరిగే పని ఒకటే, అర్జీ తీసుకుని నంబరు ఇస్తారు. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల గడువుంది. సుప్రీంకోర్టు అయితే, తోటి ఖైదీని చిత్రహింస పెట్టారని తీహార్ జైలు నుంచి సునీల్ బాత్రా రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. ఎలాంటి ఉత్తరాలను ప్రజా ప్రయోజన వ్యాజ్యాలుగా స్వీకరించాలో 1988లో మార్గదర్శకాలు కూడా పెట్టుకుంది. బహిరంగ లేఖకు మాత్రం నంబరు లేదు, గడువు లేదు, జవాబివ్వాలని ఏ చట్టమూ చెప్పదు. అర్జీ పెట్టి తిరిగి తిరిగి చెప్పులరిగిన మనిషి చివరికి చేరుకునే చోటు అది. అందుకే, ముందు ఎవరిని ఏ తేదీన అడిగారో, ఏ రసీదు ఇచ్చారో చెప్పని బహిరంగ లేఖ తన బలంలో సగం ముందే వదులుకుంటుందని నా అభిప్రాయం. ఆ తేదీలు చదివిన పాఠకుడు సాక్షిగా మారతాడు.

ఇప్పటి లేఖల్లో విషయం కంటే సంతకాలే ఎక్కువ మాట్లాడుతున్నాయి. 2019 జులైలో మూకదాడులపై ప్రధానమంత్రికి 49 మంది ప్రముఖులు లేఖ రాశారు. శ్యామ్ బెనెగల్, ఆదూర్ గోపాలకృష్ణన్, మణిరత్నం, అపర్ణా సేన్, రామచంద్ర గుహ వంటివారు అందులో ఉన్నారు. ఇలాంటి నేరాలను నాన్ బెయిలబుల్ నేరాలుగా ప్రకటించాలన్న స్పష్టమైన కోరిక ఆ లేఖలో ఉంది. మూకదాడులకు ప్రత్యేక చట్టం చేయాలని తెహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు పార్లమెంటుకు సూచించి అప్పటికి సరిగ్గా ఏడాది దాటింది. ఆ చట్టం ఏమైందని దేశం అడగవలసిన సమయమది. కొద్ది రోజులకే 60 మందికి పైగా ప్రముఖులతో దీనికి పోటీ లేఖ వచ్చింది. అక్కడి నుంచి ఎవరి వైపు ఎవరున్నారన్నదే చర్చ అయిపోయి, బెయిలు మాటా చట్టం మాటా మరుగున పడ్డాయి. అక్టోబరులో బిహార్‌లోని ముజఫర్‌పుర్‌లో, ఒక ఫిర్యాదుపై కోర్టు ఇచ్చిన ఆదేశంతో, సంతకాలు చేసినవారిపై రాజద్రోహం సెక్షన్‌తో సహా కేసు నమోదైంది. ఫిర్యాదులో పసలేదని పోలీసులే కొద్ది రోజుల్లో దాన్ని మూసేశారు. ప్రధానమంత్రికి ఉత్తరం రాయడం రాజద్రోహమని ఎవరికైనా తోచడమే ప్రమాద సంకేతం, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. కానీ పెద్ద పేర్లు లేఖను ఎంత త్వరగా పైకి లేపుతాయో, అంతే త్వరగా దాన్ని తమ చుట్టూ తిప్పుకుంటాయన్నది కూడా ఆ ఉదంతంలో కనిపించింది.

తెలుగు రాజకీయాల్లో పార్టీ మారే నాయకుడి రాజీనామా మొదలు కుటుంబ ఆస్తి తగాదా దాకా అన్నీ బహిరంగ లేఖలే అవుతున్నాయి. వాటి పని విలేకరుల సమావేశం పని. వాటి గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

చెప్పుకోవలసింది విశాఖపట్నంలో ఉండే విశ్రాంత ఐఏఎస్ అధికారి ఈఏఎస్ శర్మ లేఖల గురించి. కేంద్ర ప్రభుత్వంలో కార్యదర్శిగా పనిచేసిన ఆయన, పదవీ విరమణ తర్వాత ఏళ్ల తరబడి ముఖ్యమంత్రులకు, ప్రధాన కార్యదర్శులకు, కేంద్ర శాఖలకు లేఖలు రాస్తూ వాటిని జనం ముందు పెడుతున్నారు. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం, విశాఖ మన్యంలో బాక్సైట్ తవ్వకాలు, ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణ వంటి విషయాలపై ఆయన రాశారు. పార్టీ ఏదైనా, ముఖ్యమంత్రి ఎవరైనా ఆ రాత తీరు మారదు. షెడ్యూల్డ్ ప్రాంతాల భూములపై 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఏం చెప్పిందో, ఆదివాసీ ప్రాంతాల్లో గ్రామ స్వపరిపాలన కోసం తెచ్చిన పీసా చట్టం కింద గ్రామసభకు ఏ అధికారముందో గుర్తుచేస్తూ రాసే ఇలాంటి లేఖలు ఊళ్లో ఉద్యమం చేస్తున్నవాళ్లకు వాదనగా పనికొస్తాయి, కోర్టుకు వెళ్లే న్యాయవాదికి ఆధారంగా పనికొస్తాయి. జవాబు రాకపోయినా ఆ కాగితం ఊరికే పోదు.

లోపలి తలుపులన్నీ తట్టాకే బయటికి రావడమన్నది 2018 జనవరి 12న ఢిల్లీలో ఇంకో విధంగా కనిపించింది. కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, మరో ముగ్గురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులతో కలిసి తన ఇంటి పచ్చికలో విలేకరుల ముందు కూర్చుని, ప్రధాన న్యాయమూర్తికి అంతకుముందే రాసిన లేఖను బయటపెట్టారు. ఏ కేసు ఏ ధర్మాసనానికి ఎలా వెళుతోందన్నది అందులోని ప్రధాన అంశం. న్యాయమూర్తులు అలా మాట్లాడవచ్చా అన్న వాదన చాలాకాలం సాగింది. కానీ మూడు వారాలు తిరగకముందే సుప్రీంకోర్టు తొలిసారిగా, ఏ అంశం కేసులు ఏ న్యాయమూర్తి ముందుకు వెళ్తాయో చెప్పే రోస్టర్‌ను ప్రజలకు అందుబాటులో పెట్టింది. లోపల నలిగినంతకాలం కదలని విషయం నలుగురిలోకి వచ్చాక కదిలింది.

నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది. బహిరంగ లేఖ చాలాసార్లు ఒకరి బాధను మరొకరు చెప్పడం. 1979 నాటి లేఖ ఇంగ్లిషులో ఉంది, ఎవరి గురించి రాశారో ఆ అమ్మాయి చదువుకోగల భాష కాదు అది. మన దగ్గర కూడా పోలవరం ముంపు గ్రామాల కోయల గురించి, కొండరెడ్ల గురించి మనం రాసే లేఖలు వాళ్ల భాషలో వాళ్లకు ఎవరు చదివి వినిపిస్తున్నారు? సంతకాల కోసం వంద మందికి పంపే ముందు, ఎవరి గురించి రాశామో వాళ్లకు చదివి వినిపించి, ఇందులో తప్పేమైనా ఉందా అని అడగడం కనీస బాధ్యత. మా సర్వేయర్ గారు ఎర్ర పెన్నుతో దిద్దిన ప్రతిని కూడా చెరువు మీద ఆధారపడిన మత్స్యకారులకు మేము ముందుగా చూపించలేదు. వాళ్లను అడిగి ఉంటే ఏ తూము దగ్గర మట్టి మొదట పడిందో చెప్పేవారు. ఆ తూము ఇప్పుడు లేదు.

1983 సవరణ ఆ తర్వాత జరిగే నేరాలకే వర్తించింది. దేశాయ్‌గంజ్ స్టేషన్‌లో ఆ రాత్రి నిలబడిన అమ్మాయికి దానివల్ల ఏమీ దక్కలేదు. ఆమె కేసును మళ్లీ తెరవలేదు. ‘సుప్రీంకోర్టు కేసెస్’ 1979 సంపుటాల్లో ఒకచోట ఆ తీర్పు ఉంటుంది, మరోచోట నలుగురు అధ్యాపకుల లేఖ ఉంటుంది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ రోజుకీ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకునే చదువుతున్నారు.