ఎలక్ట్రిక్ ఈల్ కరెంటు: ఆయుధమా? చూపా?

అంశం: దక్షిణ అమెరికాలో అమెజాన్, ఒరినోకో ప్రాంతాల బురదనీళ్లలో బతికే ఎలక్ట్రిక్ ఈల్‌కు దాని కరెంటు ముందుగా ఆయుధమా, చుట్టుపక్కల్ని తెలుసుకునే ఇంద్రియమా?

ఆయుధవాది: ఇందులో వాదించడానికేముందండీ? ఎలక్ట్రోఫోరస్ వోల్టై అనే జాతి 860 వోల్టులు పుట్టిస్తుందని 2019లో తేల్చారు. ఏ జంతువుకీ అంతకు మించిన రికార్డు లేదు. ఊరికే చూడ్డానికి 860 వోల్టులెందుకు?

దృష్టివాది: ఆ అంకె దగ్గరే అందరూ ఆగిపోతారు. అదెలా పుడుతుందో చెప్పండి ముందు.

ఆయుధవాది: చెబుతాను. ఒంటి పొడవులో దాదాపు 80 శాతం విద్యుదంగాలే. కాలేయం, పేగులు అన్నీ తల వెనకే ఇరుక్కుని సర్దుకున్నాయి. ఆ అంగాల్లో ఎలక్ట్రోసైట్లనే పలచని కణాలు వేలకు వేలు వరుసగా పేర్చి ఉంటాయి. పుట్టుకకు అవి కండర కణాలే, ముడుచుకునే గుణం మాత్రం పోయింది. మామూలప్పుడు కణానికి రెండు వైపులా ఉండే వోల్టేజీలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మెదడు నుంచి ఆజ్ఞ రాగానే నాడి కొసల్లో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడి, కణానికి ఒక్క వైపే సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. ఆ వైపు వోల్టేజీ తిరగబడి రెండోదానితో కలుస్తుంది. కణానికి వచ్చేది 0.15 వోల్టే. ఐదారు వేల కణాలు ఒకేసారి పనిచేస్తే ఎంతో మీరే లెక్కేసుకోండి.

దృష్టివాది: "ఒకేసారి" అని తేలిగ్గా దాటేశారు. తల దగ్గరి కణానికీ తోక చివరి కణానికీ ఆజ్ఞ ఒకే క్షణాన అందాలి. అందుకని దగ్గరి కణాలకు వెళ్లే కబురు కాస్త ఆలస్యమయ్యే ఏర్పాటుంది! సరే, నా మాట వినండి. విద్యుదంగాలు మూడు: ప్రధాన అంగం, హంటర్ అంగం, శాక్స్ అంగం. ఈ మూడోది పంపేవి పది వోల్టుల చిన్న స్పందనలు. వాటితో చేప చావదు. రాయి అడ్డొచ్చినా, ఏదైనా కదిలినా నీళ్లలో పరుచుకున్న ఆ విద్యుత్ క్షేత్రం మారుతుంది, ఆ మార్పును చర్మంలోని గ్రాహకాలు పసిగడతాయి. పైగా ఇది అసలు ఈల్ కానే కాదు, నైఫ్‌ఫిష్ అనే వేరే చేపల వంశానిది. దీని చుట్టాలన్నీ బలహీనమైన కరెంటుతో దారి వెతుక్కునేవే. ఆ వంశంలో చూపు ముందు, దెబ్బ తరవాత.

ఆయుధవాది: వంశం సంగతి అలా ఉంచండి, వేట చూడండి. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రవేత్త కెనెత్ కటానియా 2014లో చూపించాడు. సెకనుకు దాదాపు 400 దెబ్బలు! ఎర కండరాలను నడిపే నాడులనే అవి పట్టుకుంటాయి, చేప కొయ్యబారిపోతుంది. పెద్ద ఎరయితే తోకను అవతలి వైపుకి చుట్టి, తల, తోక అనే రెండు ధ్రువాల మధ్య ఇరికించి మరీ కొడుతుంది.

దృష్టివాది: అదే కటానియా చెప్పిన రెండో సంగతి దాచేస్తే ఎలా? ఎర ఎక్కడో నక్కి ఉంటే ఈల్ రెండు మూడు దెబ్బలు మాత్రమే వదులుతుంది. ఎర ఒళ్లు దాని ప్రమేయం లేకుండానే ఉలిక్కిపడుతుంది, ఆ కుదుపు నీళ్లలో తెలిసిపోతుంది. దాక్కున్నవాణ్ని "ఉన్నావా?" అనడిగి, వాడి ఒంటితోనే "ఉన్నా" అనిపించడమన్నమాట. (శ్రోతల్లో నవ్వు.) 2015 ప్రయోగంలో అయితే దాడి మధ్యలో ఆ పెద్ద దెబ్బలతోనే ఎర జాడ పట్టింది. ప్లాస్టిక్ కడ్డీలను వదిలేసి, కరెంటు పారే కార్బన్ కడ్డీ మీదికే ఉరికింది.

ఆయుధవాది: 1800లో వెనెజువెలాలో జర్మన్ శాస్త్రవేత్త, యాత్రికుడు హంబోల్ట్ చూసిన గుర్రాల మాటేమిటి మరి? ఈల్స్ ఉన్న మడుగులోకి గుర్రాలను తోలితే ఈల్స్ వాటి మీద పడి కొట్టాయని రాశాడు. చాలాకాలం కట్టుకథన్నారు. 2016లో కటానియా దాన్నీ నిజం చేశాడు. ఈల్ నీళ్లలోంచి పైకి లేచి గడ్డం ఆనిస్తుంది. ఎంత పైకి లేస్తే అంతగా కరెంటు నీళ్లలోకి పోకుండా ఎదుటి ప్రాణి ఒంట్లోకి ఎక్కుతుంది. ఇదీ చూపేనా?

దృష్టివాది: కాదు, అది ఆత్మరక్షణ. కానీ దేని మీదికి లేస్తుంది? సగం మునిగి, కరెంటు పారే వస్తువు మీదికి. అది కరెంటు పారేదని ముందే తెలియాలి కదా?

ఆయుధవాది: తెలియనివ్వండి. గుర్రానికి తగిలింది మాత్రం దెబ్బే.