ఎర్ర రంగు బోరింగు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మా కాలనీ బోరింగు గారి సముఖమునకు,

మీ ఎదుటి ఇంట్లో పుట్టి, మీ నీళ్ళతోనే పెరిగి, మీరు ప్రసాదించిన గారపళ్ళు కనబడకుండా పెళ్ళిచూపుల్లో నోరు మూసుకుని కూర్చుని వచ్చిన ఒకానొక గ్రామస్థుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గాని, తమరు ఇనుముతో చేసినవారు గనుక తమ కుశలానికి లోటు లేదు. రెండవ పక్షం కుశలం గురించే ఈ ఉత్తరం.

ఎనిమిదేళ్ళ కిందట ఒక వేసవి ఉదయం ఇద్దరు మనుషులు మోటారు సైకిలు మీద ఒక రంగు డబ్బా, రెండు కుంచెలు పెట్టుకుని దర్శి వైపు నుంచి మన కాలనీకి వచ్చారు. తల నుంచి పాదం దాకా మీకు ఎర్ర రంగు పూసి, పక్కనున్న సిమెంటు దిమ్మె మీద 'ఈ నీరు త్రాగుటకు పనికిరాదు' అని తెల్లని అక్షరాలతో రాసి, మీ పక్కన నిలబడి ఫోటో తీసుకుని, ఎండ ముదరకముందే వెళ్ళిపోయారు. అంతకుముందు రోజు సాయంత్రం దాకా మీరు మాకు మంచినీళ్ళ బోరింగు. ఆ ఉదయం నుంచి మీరు ఒక హెచ్చరిక. ఈ రెంటికీ నడుమ నీరు మారలేదు, గొట్టం మారలేదు, వరసలో పెట్టిన బిందెలు మారలేదు, ఖర్చయినది అరలీటరు రంగు మాత్రమే. ప్రజారోగ్య పరిరక్షణ ఇంత చవకగా, ఒక్క పూటలో ముగిసిపోయే పని అని నాకు ఆనాడే తెలిసింది. (మరొక మాట. మా కాలనీలో నీళ్ళు తాగుతారే గాని త్రాగరు. ఆ రావత్తును చూసి, ఇదేదో చదువుకున్న పై వీధివారిని ఉద్దేశించిన మాట కాబోలునని మావాళ్ళు అనుకుని ఉంటే వారిని తప్పు పట్టలేము.)

మీరు పుట్టకముందే మీ నీటికి పేరు వచ్చింది. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు కలిసి, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషుల వెన్నులు, కీళ్ళు బిగుసుకుపోవడానికి తాగే నీటిలోని ఫ్లోరైడే కారణమని ఒక వైద్య పత్రికలో వివరంగా ప్రకటించారు. అంతకు కొన్నేళ్ళ ముందే రైతులు తమ ఎద్దులు కీళ్ళు పట్టేసి అడుగు తీసి అడుగు వేయలేకపోవడం గమనించారని చెబుతారు గనుక, ఈ జబ్బును కనిపెట్టిన గౌరవం మొదట ఎద్దులకు, ఆ తరువాతనే వైద్యులకు దక్కాలి. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివి. 1970లో వాటిని తెచ్చి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిపారు, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. మీ అడుగున ఉన్న నీరు అంగుళమైనా కదలకుండా ఇన్ని చిరునామాలు మార్చింది గాని రుచి మార్చలేదు. రుచి అనడం కూడా నా పొరపాటే, ఎందుకంటే ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఏదీ ఉండదు. లోపల లేని ఆ రంగును పూరించడానికే మీకు బయట పూశారు.

మీరు నేరస్థులని నేను అనడం లేదు. మన నేల కింద ఉన్నవి అతి పురాతనమైన గ్రానైటు, నైసు రాళ్ళు. వాటిలోని నల్ల అభ్రకం, ఎపటైట్ వంటి ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. వానలు తక్కువై, రాతి పగుళ్ళలో నీరు ఏళ్ళ తరబడి నిలిచిపోయినచోట అది మెల్లగా నీటిలోకి దిగుతుంది. ఆ నీటిలో సున్నం (కాల్షియం) ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి అడుగుకు దించేది. మన నీటిలో సున్నం తక్కువ, సోడా ఎక్కువ, కనుక దిగవలసినది దిగకుండా బిందెలోకి వస్తుంది. చెరువు నీళ్ళు తాగితే కలరా, దిగుడుబావి నీళ్ళు తాగితే నారికురుపు అని భయపెట్టిన కాలంలో, పరిశుభ్రమైన నీరు అన్న పేరుతోనే మీవంటివారిని ఊరూరా దించారు. భయం న్యాయమైనదే. అయితే బోరు లోతుకు పోయినకొద్దీ ఏ రాతిని తాకుతున్నామో చూసుకోవాలన్న ఆలోచన మాత్రం బోరు యంత్రంతో పాటు మా ఊరికి రాలేదు.

ఇక్కడే మా కష్టం ఒకటి ఉన్నది. కార్ఖానా పక్కన బతికేవాడికి కనీసం ఒక గేటు ఉంటుంది. ఆ గేటు ముందు బైఠాయించవచ్చు, దాని యజమాని మీద కేసు వేయవచ్చు, పొగగొట్టాన్ని వేలెత్తి చూపవచ్చు. మాకు గేటు లేదు. ఎవరిని అడిగినా 'ఇది ప్రకృతి సిద్ధం' అంటారు, ఆ మాట అన్న తరువాత కుర్చీలో కాస్త వెనక్కి వాలుతారు. రాయి ప్రకృతి సిద్ధమే. కానీ బోరు ఎక్కడ వేయాలన్నది, దాని నీటిని ఎన్నేళ్ళకు ఒకసారి పరీక్షించాలన్నది, సాగర్ నీళ్ళు తెచ్చే గొట్టం ఏ వీధి దాకా వచ్చి ఆగిపోవాలన్నది కూడా ప్రకృతే నిర్ణయించిందా? 1955లో పునాదిరాయి పడిన నాగార్జునసాగర్ నీరు కాలువ వెంట మా పొలాల పక్కనుంచే పోతుంది. కొండల మీద వాన పడి నదిలో నడిచి వచ్చిన ఆ నీటికి మన రాళ్ళతో ఇంత సావాసం లేదు. మిరపచేనుకు అందిన నీరు మనిషికి అందకపోవడంలో ఏ శిలాశాస్త్రం ఉన్నదో నాకు అర్థం కాదు.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఒకటి ఉన్నది. లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాకా అంగీకరించదగినదని, వేరే వనరు లేని పక్షంలో 1.5 మిల్లీగ్రాముల దాకా సహించవచ్చునని అందులో రాశారు. 'వేరే వనరు లేని పక్షంలో' అన్న ఆ నాలుగు మాటలను నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. వనరు ఉన్నవాడి ఎముకకు ఒక అంకె, లేనివాడి ఎముకకు ఒక అంకె. 'అమ్మా ఎముకా, వీరు గతిలేనివారు, కనుక ఆ పై అరమిల్లీగ్రామును నీవు లెక్కలోకి తీసుకోవద్దు' అని ఎముకకు ఎవరు నచ్చజెబుతారు? పైగా ఇటువంటి అంకెలు సాధారణంగా రోజుకు రెండు లీటర్లు తాగే మనిషిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. మార్చి ఎండలో పొగాకు బ్యారన్ దగ్గర ఆకు కట్టే మనిషి రెండు లీటర్లను మధ్యాహ్నం భోజనానికి ముందే తాగేస్తుంది. ఇక మీ నీటిలో ఉన్నది ఎంత అంటే, సీసా పరీక్షకు వెళ్ళింది, అంకె వచ్చింది, ఆ కాగితం మాకు ఎవరూ చూపలేదు. రంగు చూసి ఊహించుకోమన్నారు.

మీరు చేసిన పనిని మీరు చూడలేరు, ఎందుకంటే మీ తల ఒకవైపే తిరిగి ఉన్నది. మా కాలనీలో కొందరి తలలూ అంతే. పాలపళ్ళ వెనుక చిగుళ్ళలో అసలు పళ్ళు తయారయ్యే వయసులో పడిన గార ఏ పళ్ళపొడితోనూ పోదు. మా బడిలో ఫోటో తీసే రోజున పిల్లలను నవ్వమంటే పెదవులు బిగించి నవ్వడం నేర్చుకున్నారు. ఏళ్ళు గడిచినకొద్దీ మెడ, నడుము, మోకాళ్ళు ఒక్కొక్కటే పట్టేస్తాయి. పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ తినే ఒంటిలో ఇదే నీరు కొంత తక్కువ చేటు చేస్తుంది; గంజితో సరిపెట్టుకునే ఒంటిలో సున్నమూ సి విటమినూ చాలక ఎక్కువ చేటు చేస్తుంది. అంటే ఫ్లోరైడ్‌కు కూడా ఆదాయ ధ్రువపత్రం చదవడం వచ్చునన్న మాట. మా పెదనాన్న ఒకసారి వైకల్య శాతం కొలిచే శిబిరానికి వెళ్ళాడు. అక్కడ చేయి లేనివారికి లెక్క ఉన్నది, కాలు లేనివారికి లెక్క ఉన్నది. అన్ని అవయవాలూ ఉండి ఒక్కటీ వంగని మనిషిని ఏ గడిలో రాయాలో వారికి తెలియలేదు. 'పైకి చూడండి' అని కెమెరా అబ్బాయి అన్నాడు. పెదనాన్న పైకి చూడలేకనే అక్కడికి వచ్చాడు.

మీకు రంగు పూసిన ఏడాది అవగాహన సదస్సు కూడా పెట్టారు. మాట్లాడడానికి వచ్చినవారు తమ నీళ్ళ సీసాలు తామే తెచ్చుకున్నారు గనుక వారికి అవగాహన ఉన్నదని మాకు మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. రోజూ పాలు తాగాలి, పళ్ళు తినాలి, నల్ల టీ మానాలి అని చెప్పారు; చెప్పినవన్నీ నిజాలే, చెప్పిన చోటే తప్పు. సభ ముగిసే ముందు అందరికీ టీ ఇచ్చారు. ఆ టీ ఏ నీళ్ళతో కాచారని మా అక్క అడిగింది. వంటమనిషి మీ వైపు చూపించి, 'బాగా మరగబెట్టానమ్మా, అంతా పోయుంటుంది' అన్నాడు. మరగబెడితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. వేదిక మీద ఉన్నవారిలో ఒకరిద్దరికి ఈ సంగతి తెలిసే ఉండాలి, వారు గ్లాసులను ముట్టుకోలేదు.

'ఎర్ర రంగు పూసినా తాగుతున్నారు, ఈ జనానికి చెప్పినా బుద్ధి రాదు' అన్న మాట ఆ తరువాత చాలా చోట్ల విన్నాను. బుద్ధి సంగతి తరువాత చూద్దాము, ముందు లెక్క చూద్దాము. ఫ్లోరైడ్ ఉన్న పల్లెల్లో శుద్ధి ప్లాంటు పెట్టినప్పుడు తాగడానికీ వండడానికీ మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్లు ఇవ్వాలన్నది ప్రభుత్వమే పెట్టుకున్న కొలత. నలుగురున్న ఇంటికి అది 40 లీటర్ల దాకా, అంటే రెండు క్యాన్లు. మా ఊళ్ళో 20 లీటర్ల క్యాను 10 రూపాయలు. నెలకు 600 రూపాయలు. 2014లో 2 రూపాయలకే 20 లీటర్లు ఇస్తామని ఒక పథకం వచ్చినప్పుడు మావాళ్ళు కొత్త క్యాన్లు కొన్నారు. ఆ క్యాన్లు ఇప్పటికీ మా ఇళ్ళలో ఉన్నాయి, వాటిలో వడ్లు పోసుకుంటున్నాము. పై వీధిలోని ప్రైవేటు ప్లాంటు నుంచి ఆటో వస్తుంది గాని, కూలి దొరకని రోజున అప్పు పెట్టదు. కనుక మా ఆడవాళ్ళు క్యాను నీళ్ళను చంటిపిల్లలకూ చుట్టాలకూ ఉంచి, అన్నం, పప్పు మీ నీళ్ళతోనే వండుతారు. ఉడికే బియ్యం నీటితో పాటు అందులో ఉన్నదాన్నీ పీల్చుకుంటుందని సదస్సులో ఎవరూ చెప్పలేదు. ఇంకొక వినోదం ఏమిటంటే, ఆ ప్లాంటు శుద్ధి చేయగా మిగిలిన నీరు, ఫ్లోరైడ్ మరింత చిక్కబడిన ఆ నీరు, కాలువలో పడి పారి పారి మీ పాదాల దగ్గర గుంటలో ఇంకుతుంది. పై వీధి తాగకుండా వదిలినది మీ ద్వారా తిరిగి మాకే వస్తుంది.

దీనికి మందు లేదా అంటే, ఉన్నది, అదీ మనవాళ్ళు కనిపెట్టినదే. నీటిలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగు పొడి కలిపి తేర్చి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూరులోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది. దానికి పెట్టిన పేరే నల్లగొండ పద్ధతి. పటిక మా కిరాణా కొట్లోనే దొరుకుతుంది. దొరకనిది, రోజూ కొలిచి కలిపి, అడుగున పేరుకున్న మడ్డిని తీసి, నెలకొకసారి నీటిని పరీక్షించే ఒక మనిషి జీతం. 2008-09లో దేశవ్యాప్త ఫ్లోరోసిస్ (ఈ ఫ్లోరైడ్ జబ్బు) నివారణ కార్యక్రమం మొదలైనప్పుడు ముందుగా ఎంచుకున్న కొద్ది జిల్లాల్లో నెల్లూరు ఒకటి కావడం చూసి, తన పాత తాలూకాలను కూడా ఆ జిల్లా గుర్తు చేసుకుంటుందేమోనని మేము ఆశపడ్డాము. 2019 తరువాత ఇంటింటికీ కుళాయి అన్నారు, మాకూ వచ్చింది. కుళాయికి రంగు లేదు, నిగనిగలాడుతూ ఉన్నది. అందులో వచ్చే నీరు మీకు పది గజాల దూరంలో వేసిన కొత్త బోరుది. దానికి ఇంతవరకు పరీక్ష సీసా రాలేదు గనుక అది మంచినీరు.

కావున నా విన్నపం ఇది. మీరు ఎండిపోవద్దు, మీరు ఎండితే మాకు బట్టలుతుక్కోవడానికీ స్నానానికీ కూడా గతి ఉండదు, ఆ పనులకు మీ నీరు భేషుగ్గా పనికివస్తుంది. మీ మీద రాసిన వాక్యాన్ని కూడా తీసివేయమని అడగను. దాని కింద మరో మూడు పంక్తులకు చోటు ఇప్పించండి చాలు: మీ నీటిలో ఉన్న ఫ్లోరైడ్ ఎంత, ఆ పరీక్ష చేసిన తేదీ ఏది అన్నది ఒకటి, తాగదగిన నీరు ఇక్కడికి ఎంత దూరంలో, ఎంత ధరకు దొరుకుతుంది అన్నది రెండవది, ఆ నీరు ఈ దిమ్మె దాకా ఏ తేదీకి వస్తుంది, రాకపోతే ఎవరిని అడగాలి అన్నది మూడవది. 'త్రాగుటకు' అన్నట్టే గ్రాంథికంలో రాసినా మాకు అభ్యంతరం లేదు, కూడబలుక్కుని చదువుకుంటాము.

మీ పిడి మీద రంగు ఏనాడూ నిలవలేదు. ఒళ్ళంతా ఎర్రగా ఉన్నా, చేయి పట్టే ఆ జానెడు మేర మాత్రం ఇనుము వెండిలా మెరుస్తూ ఉండేది. పోయిన నెలలో ఎవరో పెద్దవారు వస్తున్నారని ఆ ఇద్దరు మనుషులే మళ్ళీ వచ్చి, ఈసారి పిడిని కూడా వదలకుండా రెండు పూతలు వేశారు. వెళ్ళబోతూ, 'పచ్చి పెయింటు, సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోకండి' అని గట్టిగా చెప్పారు. మావాళ్ళు ఆ మాటను అక్షరాలా పాటించారు. బిందెలను వరసగా పెట్టి, వేపచెట్టు కింద కూర్చుని, రంగు ఆరేదాకా ఆగారు.

ఇట్లు,
మీ విధేయుడు,
వరసలో ఏడవ బిందె వాడు