తరంగం ఎత్తును బట్టి లౌడ్‌నెస్, శిఖరం ఎత్తును బట్టి శ్రుతి తేలవు

విశాఖపట్నంలో ఇంటి దగ్గరే పాటలు, హరికథలు రికార్డు చేసుకునేవారి మధ్య ఒక వాట్సాప్ సందేశం చేతులు మారుతోంది. ధ్వనిని రికార్డు చేసి సవరించే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో తరంగం ఎంత ఎత్తుగా కనిపిస్తే ధ్వని అంత బిగ్గరగా ఉన్నట్టనీ, నార్మలైజ్ చేస్తే ట్రాకులన్నీ ఒకే స్థాయికి వస్తాయనీ, ధ్వనిలోని పౌనఃపున్యాలను (సెకనుకు ఎన్ని కంపనాలో) గీసి చూపే ‘ప్లాట్ స్పెక్ట్రమ్’లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం దగ్గర కనిపించే సంఖ్యే గాయకుల శ్రుతి అనీ అందులోని సారాంశం. మూడూ తప్పే. మూడోదాన్ని నమ్మితే, సరిగ్గా పాడుతున్న పిల్లలను శ్రుతి తప్పారని మందలించే ప్రమాదం ఉంది.

మొదటి మాట సంగతి. తెర మీది ఎత్తు ఆ క్షణంలో సంకేతం ఎంత పెద్దదో చెబుతుంది, అంతే. చెవి అన్ని పౌనఃపున్యాలనూ ఒకే విధంగా గ్రహించదని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపారు. బీచ్ రోడ్డులో రికార్డు చేస్తే మైకుకు కొట్టే గాలి తరంగాన్ని పై అంచు దాకా లేపుతుంది. అందులో అధిక భాగం అతి తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది గనుక చెవికి అంతగా ఆనదు. పైగా ఆడాసిటీ మామూలుగా చూపే కొలమానంలో, పదో వంతు ఎత్తున్న గొంతు దాదాపు చదునైన గీతలా కనిపిస్తుంది. అది 20 డెసిబెల్స్ తేడా, చెవికి సుమారు నాలుగో వంతు బిగ్గరతనం.

నార్మలైజ్ విషయం కూడా ఇలాంటిదే. ఆ ఎఫెక్ట్ ట్రాకు మొత్తంలో ఉన్న ఒక్క అత్యున్నత శిఖరాన్ని పట్టుకుని, దాన్ని మీరు చెప్పిన స్థాయికి చేర్చేంత మేరకే మొత్తాన్ని పెంచుతుంది. కచేరీ రికార్డింగులో మృదంగం మీద పడిన ఒక్క గట్టి దెబ్బ అప్పటికే ఆ స్థాయిలో ఉంటే గాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. ట్రాకులు చెవికి సమానంగా వినిపించాలంటే చెవి తీరును లెక్కలోకి తీసుకుని, నిశ్శబ్దపు భాగాలను వదిలిపెట్టి సగటు చూసే ఎల్‌యూఎఫ్‌ఎస్ కొలత కావాలి. 2006లో మొదట వెలువడిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) వారి బీఎస్ 1770 ప్రమాణమే దానికి ఆధారం. ఆడాసిటీలో ‘లౌడ్‌నెస్ నార్మలైజేషన్’ వేరే ఎఫెక్టుగా ఉంది. అది చేశాక శిఖరాలు సున్నా డెసిబెల్స్ అనే గరిష్ఠ హద్దును దాటాయేమో చూసుకోవడం మరవవద్దు.

ఇక శ్రుతి. గొంతు నుంచి ఒక్క పౌనఃపున్యం రాదు, మూల పౌనఃపున్యంతో పాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు కలిసే వస్తాయి. ఐదున్నర శ్రుతిలో పాడే అమ్మాయి షడ్జమం సుమారు 208 హెర్ట్జ్. ఆమె ‘ఆ’కారంలో ఆ స్వరాన్ని నిలిపితే నోటి కుహరం 700, 900 హెర్ట్జ్ మధ్య ప్రాంతాన్ని బలపరుస్తుంది గనుక 623 దగ్గరో 830 దగ్గరో ఎత్తైన శిఖరం లేవవచ్చు. ఆ 623నే శ్రుతిగా తీసుకుంటే షడ్జమం పాడిన అమ్మాయి పంచమం పాడినట్టు తేలుతుంది. అదే స్వరాన్ని ‘ఈ’కారంలో పాడిస్తే ఎత్తైన శిఖరం కిందికి జారుతుంది, శ్రుతి మాత్రం వెంట్రుకవాసి కూడా కదలదు. చూడవలసింది శిఖరాల మధ్య ఎడం: 208, 415, 623, 830 అంటూ సమదూరంలో ఉంటే ఆ ఎడమే శ్రుతి. పాత టెలిఫోను మార్గం 300 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని దాదాపు మోయదు. అయినా 120 హెర్ట్జ్ దగ్గర మాట్లాడే మగవారి గొంతును మనం అదే శ్రుతిలో వింటాం, పైనున్న రెట్ల మధ్య ఎడాన్ని బట్టే చెవి దాన్ని పట్టుకుంటుంది. విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ 1920లో మృదంగం గురించి చెప్పింది కూడా ఈ పూర్ణాంక నిష్పత్తుల సంగతే: మూత మీది నల్లని పూత వల్లే దానిలో పలికే పై పౌనఃపున్యాలు ఆ వరుసలోకి వచ్చి నాదం శ్రుతిగా వినిపిస్తుంది.

సందేశంలో ఆ శిఖరం దగ్గరి సంఖ్యను దశాంశాలతో సహా నమ్మమన్నారు. సెకనుకు 44,100 నమూనాల రికార్డింగును ఒక్కోసారి 2048 నమూనాల పరిమాణంతో విశ్లేషిస్తే, పౌనఃపున్యాలను విడదీసి చూపే ఒక్కో గడి వెడల్పు 21.5 హెర్ట్జ్, ఐదు శ్రుతికీ ఐదున్నరకూ తేడా 12 హెర్ట్జ్ లోపే. పరిమాణాన్ని 16384కు పెంచితే గడి 2.7 హెర్ట్జ్‌కు తగ్గుతుంది, కానీ అప్పుడు సెకనులో మూడో వంతుకు పైగా ధ్వనిని ఒకే ముద్దగా చూస్తాం. గమకం, అంటే స్వరం ఊగే తీరు, అందులో కలిసిపోతుంది. గమకాలను చూడదలచినవారు ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో శ్రుతి రేఖను కాలానుగుణంగా గీయించుకోవడం మేలు. అక్కడ కూడా గొంతుకు తగిన కనిష్ఠ, గరిష్ఠ హద్దులు ముందే పెట్టుకోవాలి, లేకపోతే రేఖ ఒక్కసారిగా పై స్థాయికో కింది స్థాయికో దూకుతుంది.