రోడ్డు కంటే ముందు డ్రెయిన్

విజయవాడలో కొత్త రోడ్ల కంటే ముందు వాన నీటి కాలువలకు నిధులివ్వాలన్న వాదనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి నగరంలోని సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అంతటి వరదను వీధి డ్రెయిన్లు ఆపలేవు, నిజమే. కానీ మామూలు వానకే మోకాళ్ల లోతు నీళ్లు నిలవడానికి మన పనుల తీరే కారణం.

పాత రోడ్డును తవ్వి తీయకుండా దాని మీదే కొత్త సిమెంటు కాంక్రీటు (సీసీ) పోస్తారు. రోడ్డు ఎత్తు పెరిగి ఇళ్లు పల్లమైపోతాయి. స్తోమత ఉన్నవాళ్లు ఇంటిని జాకీలతో లేపుకుంటారు, లేనివాళ్లు గుమ్మం ముందు అడ్డుగోడ కట్టుకుని వాన పడిన ప్రతి రాత్రీ టెన్షన్‌తో కూర్చుంటారు. పోనీ ఆ రోడ్డైనా నిలుస్తుందా? కొన్నాళ్లకే తాగునీటి పైపుల కోసమో, డ్రైనేజీ కోసమో మళ్లీ తవ్వుతారు.

నగరపాలక కౌన్సిల్ చేయాల్సింది కష్టమైన పనేం కాదు. రోడ్డు పనికి ఆమోదం ఇచ్చేముందు ఆ వీధి ఎత్తుపల్లాలు (లెవెల్స్), నీరు ఏ కాలువలోకి వెళ్తుందో, ఆ కాలువలో పూడిక తీశారో లేదో అజెండాలోనే చూపించమనాలి. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాలకు వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతోంది. ఈ లెక్కలు ముందుగా ఆ కమిటీల ముందు పెట్టండి. నీళ్లు ఎటు పారతాయో ఆ వీధివాళ్లకే బాగా తెలుసు.