జన్యువు పేరు తేదీ ఎలా అయింది?

ఎక్సెల్‌లో జన్యువు పేరు 'సెప్ట్2' (SEPT2) అని కొడితే చాలు, సెప్టెంబర్ 2 అయి కూర్చుంటుంది! ఎవరడిగారు? ఆ గడిని మళ్ళీ టెక్స్ట్‌గా మారిస్తే పేరు తిరిగి రాదు, ఏదో అయిదంకెల సంఖ్య కనిపిస్తుంది. ఇరవై వేల వరుసల్లో దాన్నెవరు పట్టుకోవాలి? చివరికి 2020లో జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది. 'సెప్ట్1' పోయి 'సెప్టిన్1' వచ్చింది. సాఫ్ట్‌వేర్ కోసం శాస్త్రం వంగాలా? పేరుని తేదీగా మార్చేయడాన్ని ఆపే సెట్టింగ్ ఎక్సెల్‌లో 2023లో గానీ రాలేదు. మరి పాత ఫైళ్ళ సంగతేంటి?

సీఎస్‌వీ ఫైలుని (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టిక) డబుల్ క్లిక్ చేసి తెరవకండి, బాబూ! డేటా ట్యాబ్‌లోంచి తెచ్చుకుని, పేర్లున్న కాలమ్‌ని ముందే టెక్స్ట్ అని పెట్టండి. అలా కాకుండా తెరిచి సేవ్ నొక్కారా, అసలు పేరు పోయినట్టే.