లీజు 80 ఏళ్లకు దగ్గరపడితే కొత్త చట్టం కోసం ఆగొద్దు

ఇంగ్లండ్‌లో ఫ్లాట్ కొన్న మనవాళ్లు చాలామంది లీజు సంగతి కొనే రోజున సొలిసిటర్ పంపిన కాగితాల్లో చూస్తారు. మళ్లీ అమ్మే రోజు దాకా అది గుర్తుకు రాదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ కొంటే సేల్ డీడ్‌లో ఇన్ని గజాల అవిభాజ్య వాటా అని భూమి కూడా మన పేరున రాస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఎక్కువ ఫ్లాట్లకు అలా ఉండదు. నేలా భవనమూ ఫ్రీహోల్డర్ అనే అసలు యజమానివి. మనం లక్షల పౌండ్లు పోసి కొనేది 99 ఏళ్లో 125 ఏళ్లో సాగే హక్కును. అది ఏటేటా తరిగిపోతుంటుంది. పక్కనే ఉన్న స్కాట్లాండ్‌లో ఫ్లాట్లకు ఈ గొడవ దాదాపు లేదు.

తరిగిన లీజును పొడిగించుకునే హక్కు 1993 చట్టంతో వచ్చింది. మిగిలిన కాలానికి మరో 90 ఏళ్లు కలుస్తాయి, ఫ్రీహోల్డర్‌కు ఏటా కట్టే గ్రౌండ్ రెంట్ (నేల అద్దె) సున్నా అవుతుంది. బదులుగా ఫ్రీహోల్డర్‌కు ప్రీమియం అనే ఏకమొత్తం కట్టాలి. అసలు మెలిక ఆ ప్రీమియం లెక్కలో ఉంది. లీజులో 80 ఏళ్లకు మించి మిగిలి ఉంటే ఒక లెక్క, 80కి వచ్చినా అంతకు తగ్గినా ఇంకో లెక్క. రెండో లెక్కలో మ్యారేజ్ వాల్యూ అనేది అదనంగా చేరుతుంది. పొడిగింపు వల్ల ఫ్లాట్ విలువ పెరుగుతుంది కదా, అందులోంచి ఫ్రీహోల్డర్ నష్టపోయేది తీసేసి మిగిలిన దాంట్లో సగం అతనికి ఇవ్వాలి.

రౌండ్ ఫిగర్లతో ఒక ఊహా లెక్క చూద్దాం. పొడిగించాక ఫ్లాట్ విలువ 3 లక్షల పౌండ్లు, ఇప్పుడు 79 ఏళ్ల లీజుతో 2 లక్షల 80 వేలు అనుకుందాం. రావాల్సిన గ్రౌండ్ రెంట్లూ, లీజు ముగిశాక చేతికొచ్చే ఫ్లాటూ పోతున్నందుకు ఫ్రీహోల్డర్ నష్టం 8 వేలు. పెరిగిన 20 వేలలో ఆ 8 పోగా మిగిలేది 12 వేలు. అందులో సగం 6 వేలు. 80 దాటి ఉన్నప్పుడు 8 వేలతో పోయే పని, ఆ 80 ఏళ్ల గీత దిగాక 14 వేలు అవుతుంది. లాయర్, సర్వేయర్ ఫీజులు వేరే, ఫ్రీహోల్డర్ వైపు ఖర్చులతో సహా. 2005లో 99 ఏళ్లకు రాసిన లీజులు ఈ గీతను 2024లోనే దిగాయి.

ఇది అన్యాయమనే 2024లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. పొడిగింపు 90 ఏళ్లకు బదులు 990 ఏళ్లు, మ్యారేజ్ వాల్యూ రద్దు. మే 24న రాజముద్ర కూడా పడింది. కానీ చట్టం చేయడం వేరు, అమల్లోకి తేవడం వేరు. కొన్న రెండేళ్ల దాకా పొడిగింపు అడగకూడదన్న నిబంధన 2025 జనవరి 31 నుంచి పోయింది. ఇది నిజంగా మేలే. మ్యారేజ్ వాల్యూ రద్దు మాత్రం ఇది రాసేనాటికి ఇంకా కాగితం మీదే ఉంది.

దాంతో అందరూ ఒకరికొకరు చెప్పుకునే సలహా ఒక్కటే: ఆగండి, చట్టం వస్తోంది. నేనైతే ఈ సలహాను అందరికీ ఇవ్వను.

లీజు 82, 83 దగ్గరున్న వాళ్లకు ఆగితే వచ్చే లాభం స్పష్టంగా ఏమీ లేదు. వాళ్లు ఇప్పుడు అడిగినా మ్యారేజ్ వాల్యూ కట్టనక్కర్లేదు. పైగా కొత్త విధానంలో లెక్కకు వాడే రేట్లను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఇప్పుడు ఫ్లాట్లకు సాధారణంగా వాడుతున్న 5 శాతం డిఫర్‌మెంట్ రేటు (లీజు ముగిశాక వచ్చే ఫ్లాట్ విలువను ఈనాటి విలువకు కుదించే రేటు) అంతకంటే తగ్గితే, ఫ్రీహోల్డర్‌కు కట్టే మొత్తం పెరుగుతుంది. చట్టం ఆలస్యమై లీజు 80కి వచ్చిందా, ఆ అదనపు సగం నెత్తిన పడుతుంది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, లెక్క కట్టేది పొడిగింపు కోరుతూ ఫ్రీహోల్డర్‌కు నోటీసు ఇచ్చిన తేదీ ప్రకారం. పని పూర్తయ్యే తేదీతో సంబంధం లేదు. అందుకే 80కి ముందు నోటీసు పడితే చాలు.

లీజు 60ల్లోకి వచ్చేసిన వాళ్ల సంగతి వేరు. వాళ్ల ప్రీమియంలో మ్యారేజ్ వాల్యూదే పెద్ద భాగం కావచ్చు. రద్దు అమలైతే బాగా మిగులుతుంది. అమ్మే ఆలోచన, రీమార్ట్‌గేజ్ (ఇంటి లోన్ మార్చుకునే) అవసరం లేకపోతే ఆగడంలో అర్థముంది. కానీ లీజు తగ్గేకొద్దీ అప్పిచ్చే బ్యాంకులు తగ్గిపోతాయి. కొనేవాడికి లోన్ దొరక్కపోతే నగదు పెట్టేవాళ్లు అడిగిన ధరకే అమ్ముకోవాలి. ఉద్యోగం మారో, ఇండియాకు తిరిగొచ్చేద్దామనో హఠాత్తుగా అమ్మాల్సి వస్తే ఇన్నాళ్లూ ఆగింది వృథా అవుతుంది.

ఈ టెన్షన్‌లోనే ఫ్రీహోల్డర్ నుంచి ఒక తీయటి ఉత్తరం వస్తుంది: నోటీసులూ ట్రిబ్యునళ్లూ ఎందుకు, మనం మనం మాట్లాడుకుందాం, తక్కువకే 99 ఏళ్లు చేసిస్తాం అని. తక్కువే కావచ్చు. అయితే 90 ఏళ్లు కలపడం వేరు, మొత్తం కాలాన్ని 99కి తేవడం వేరు. 78 ఏళ్ల లీజుకు ఆ పద్ధతిలో కలిసేది 21 ఏళ్లే. మిగిలి ఉన్న పాత కాలానికి గ్రౌండ్ రెంట్ కొనసాగిస్తారేమో కూడా చూడాలి. చట్టప్రకారం ఎంత అవుతుందో సర్వేయర్‌తో లెక్క వేయించుకోకుండా అలాంటి ఉత్తరానికి సరే అనకూడదు.

కొత్త చట్టం అమలు ఆలస్యానికి, దాని మీద ఫ్రీహోల్డర్లు వేసిన కేసు కారణమని కొన్నాళ్లు చెప్పుకున్నారు. ఆస్తి హక్కుకు భంగమన్న వాళ్ల వాదనను 2025 అక్టోబరులో హైకోర్టు కొట్టేసింది. 1967 నాటి లీజు సంస్కరణ మీద, లండన్‌లో పెద్ద భూస్వామి అయిన డ్యూక్ ఆఫ్ వెస్ట్‌మిన్‌స్టర్ ఎస్టేటు ట్రస్టీలు ఇలాగే యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లి 1986లో ఓడిపోయారు. పై కోర్టులకు వెళ్లే దారి ఎప్పుడూ ఉంటుంది, అది నిజమే. కానీ రేట్లెంతో, అమలు తేదీ ఎప్పుడో చెప్పని ప్రతి నెలా కొందరి లీజులు 80 కిందికి జారుతూనే ఉన్నాయి. కనీసం చట్టం ఆమోదం పొందాక గీత దిగిన వాళ్లకైనా ఆ అదనపు సగం పడకుండా ప్రభుత్వం ఏర్పాటు చేయాల్సింది. అది చేయలేదు.