నోటరీ కాగితంతో ఇల్లు సొంతం కాదు

నెల రోజుల్లో నాలుగోసారి అదే సందేశం మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ‘ఇల్లు కొనేవారికి లాయర్లు చెప్పని ఆరు నిజాలు’ అని దాని శీర్షిక. పంపిన నలుగురూ నాకు ఆప్తులే, నలుగురూ చదువుకున్నవారే. వారిలో ఒకరు త్వరలోనే హైదరాబాదు శివార్లలో ఇల్లు కొనబోతున్నారు కాబట్టి ఈసారి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు చిన్నవాటి సంగతి. స్టాంపు కాగితం కొన్న ఆరు నెలలకు చెల్లకుండా పోతుందన్నది తప్పు. వాడని కాగితాన్ని తిరిగి ఇచ్చి డబ్బు వాపసు కోరడానికే ఆ ఆరు నెలల గడువు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2008లోనే స్పష్టం చేసింది. ఇంటి పన్ను, కరెంటు బిల్లు మన పేరు మీదికి మారితే ఇల్లు మనదైనట్టేనన్నదీ తప్పే. మున్సిపాలిటీకి కావలసింది పన్ను కట్టే మనిషి. ఆ రికార్డులో పేరు మార్పు పన్ను వసూలు కోసమే తప్ప దానివల్ల యాజమాన్యం రాదని కోర్టులు చెప్పీ చెప్పీ అలసిపోయాయి.

ఇక అసలు విషం మొదటి అంశంలో ఉంది. ‘నోటరీ చేయించిన అగ్రిమెంటు, ఒక జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), ఇంటి తాళాలు చేతికి వస్తే చాలు; రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం మిగులుతుంది’ అని ఆ సందేశం చెబుతోంది. తెలంగాణలో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం అవుతుంది కాబట్టి 60 లక్షల ఇంటికి నాలుగున్నర లక్షలు. జీవితమంతా కూడబెట్టిన డబ్బుతో ఇల్లు కొనే మనిషికి అది చిన్న మొత్తం కాదని నాకు తెలుసు, అందుకే ఈ మాట అంత సులువుగా మనసుకు ఎక్కుతోంది. కానీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువ గల స్థిరాస్తి విక్రయం రిజిస్టరైన దస్తావేజు ద్వారానే జరగాలి. అమ్మకపు ఒప్పందం దానంతట అదే ఆస్తిలో ఏ హక్కునూ కలిగించదని అదే సెక్షను చెబుతోంది. నోటరీ ముద్ర సంతకం ఎవరు చేశారో చెబుతుందే గాని, దాన్ని విక్రయ దస్తావేజుగా మార్చదు. జీపీఏ అంటే మన తరఫున పని చేయమని ఇచ్చే అధికారమే. ఇచ్చిన మనిషి కన్నుమూస్తే మామూలుగా ఆ అధికారమూ పోతుంది. అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా కలిపి ఇచ్చినంత మాత్రాన ఇల్లు అమ్మినట్టు కాదని సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో 2011 అక్టోబరులో తేల్చి చెప్పి పదేళ్ళు దాటింది.

మిగిలిందనుకున్న డబ్బైనా నిజంగా మిగులుతుందా? అదీ లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ, స్వాధీనం అప్పగించిన అమ్మకపు ఒప్పందానికి విక్రయ దస్తావేజుతో సమానంగా స్టాంపు సుంకం కట్టాలి. కట్టకుండా దాచిన ఆ కాగితాన్ని రేపు వివాదంలో కోర్టు ముందు పెడితే, లోటు సుంకంతో పాటు దానికి పది రెట్ల దాకా జరిమానా కట్టేవరకు సాక్ష్యంగా చూడరు. అంటే ఆ కాగితం అవసరమైన రోజునే అది భారమవుతుంది.

మా పిన్ని కుటుంబం ఇలాగే 150 గజాల ఇల్లు నోటరీ మీద కొన్నది. అమ్మిన పెద్దమనిషి ఉన్నంత కాలం ఎవరూ ఏమీ అనలేదు. ఆయన పోయాక కొడుకులు ‘నాన్న అద్దెకే ఇచ్చారు’ అన్నారు. ఇల్లు తాకట్టు పెట్టి అబ్బాయి చదువుకు అప్పు తీసుకుందామంటే బ్యాంకు ఆ కాగితాన్ని చూడను కూడా చూడలేదు. పిన్ని ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతోంది. ఈ సందేశం రాసిన వ్యక్తిని నేను ఒక్కటే అడుగుతున్నాను: నాలుగున్నర లక్షలు మిగుల్చుకోమని చెప్పిన మీరు, 60 లక్షలు పోయే రోజున ఏ ఫోను నంబరులో దొరుకుతారు?

‘పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు మనదే, భయమెందుకు’ అన్నది ఇంకో అంశం. పన్నెండేళ్ళ గడువు చట్టంలో ఉన్న మాట నిజమే, కానీ అది అసలు యజమాని హక్కును కాదని బాహాటంగా అనుభవించినవారికి వర్తిస్తుంది. అద్దెదారు యజమాని అనుమతితో ఉంటాడు. ఒప్పందం మీద స్వాధీనం పొందిన కొనుగోలుదారు కూడా అమ్మినవారి అనుమతితో ఉన్నట్టే లెక్క. కాబట్టి మొదటి సలహా విని మోసపోయినవారిని ఈ సలహా కాపాడలేదు.

ఆడపిల్లల సంతకం అక్కరలేదన్న అంశం చదివితే కోపం ఆగలేదు. ‘పెళ్ళిలో ఇచ్చేశాం కదా, కొడుకుల సంతకాలు చాలు’ అట! తండ్రి సొంతంగా సంపాదించిన ఇల్లు వీలునామా లేకుండా మిగిలితే భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమాన వాటా అని 1956 నుంచి హిందూ వారసత్వ చట్టంలో ఉంది. ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతుళ్ళకు పుట్టుకతో హక్కును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లోనే ఇచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్ళందరికీ వచ్చింది. కట్నం ఇచ్చారన్న కారణంతో ఈ హక్కు పోదు. వదులుకోవాలంటే ఆమే స్వయంగా హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టరు చేయాలి. ఆమె సంతకం లేకుండా కొన్నవారు ఆమె వాటా కొననట్టే, ఆ తరువాత ఆమె దావా వేస్తే తప్పు ఆమెది కాదు.

ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉంటే లాయరు ఎందుకు అన్నదానికి ఒక్క మాట చాలు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టరు కాని వీలునామా, పత్రాలు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనబడకపోవచ్చు.

ఆ సందేశంలో ఒక వాక్యం మాత్రం నన్ను ఆలోచింపజేసింది. ‘రిజిస్ట్రేషన్ ఆఫీసువాళ్ళు అమ్మేవాడు ఓనరో కాదో చూడరు’ అని రాశారు. ఇది చాలావరకు నిజం, దీన్ని నేను ఒప్పుకోవాలి. మన దేశంలో రిజిస్టరయ్యేది దస్తావేజు, హక్కు కాదు. ప్రభుత్వం హక్కుకు హామీ ఇవ్వదు. ఒకే స్థలాన్ని ఇద్దరికి రిజిస్టరు చేసిన కేసులు అందుకే పుడుతున్నాయి. దీనిమీద జనానికి ఉన్న ఆగ్రహం న్యాయమైనదే. అయితే దాన్నిబట్టి చేయవలసింది రిజిస్ట్రేషన్ మానేయడం కాదు. దానికి ముందే కనీసం ముప్పై ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఎవరి నుంచి ఎవరికి మారిందో చూపే పాత దస్తావేజులు, లాయరుతో చదివించడం, నిషేధిత భూముల జాబితాలో సర్వే నంబరు వెతకడం, అమ్మేవారి అక్కచెల్లెళ్ళు ఎవరో అడగడం.

ఇప్పటికే నోటరీ కాగితం మీద ఇల్లు కొని ఉన్నవారు మా గ్రూపులోనే ఇద్దరున్నారు. ఒప్పందం అమలుకు దావా వేయాలంటే అందులో రాసుకున్న తేదీ నుంచి, తేదీ రాసుకోకపోతే అమ్మినవారు నిరాకరించినట్టు తెలిసిన నాటి నుంచి మూడేళ్ళే గడువు. మీకు అమ్మినవారు ఇంకా బతికి ఉంటే, ఈ వారంలోనే వెళ్ళి విక్రయ దస్తావేజు రిజిస్టరు చేయమని అడగండి.